జాగ్రత్త: బాణం మాయం చేసింది ఆయన, మైండ్‌సెట్ బాగాలేనిది నాకట!

ప్లానింగ్, సైకాలజీ, మార్కెట్ అనాలిసిస్ మూడూ ఒకే చోట నేర్పిస్తామనే ఆ ట్రేడింగ్ కోర్సు గురించే. పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ట్రేడింగ్ వీడియో ఏది తెరిచినా ముందు ఆ ప్రకటనే కదా వస్తోంది. కొత్త బ్యాచ్ మొదలవుతోందట. డబ్బు కట్టబోయేవాళ్లు రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి. ఒళ్లు మండి రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మొదటి రెండింటి సంగతి తొందరగా తేల్చేస్తా. ప్లానింగ్ అంటే ఒక పేజీ పీడీఎఫ్: ఎంట్రీ (కొనే ధర), స్టాప్‌లాస్ (ఇంతకు దిగితే నష్టానికే అమ్మేసి బయటపడే ధర), టార్గెట్ (లాభానికి అమ్మే ధర) అని మూడు గళ్లు. క్వాంటిటీ ఎంత పెట్టాలి, వరసగా పోతుంటే ఎక్కడ ఆపాలి అన్న ఊసే లేదు. ఉన్నదాంట్లో 2 శాతం చొప్పున వరసగా పది ట్రేడ్‌లు పోయినా దాదాపు 82 శాతం మిగులుతుంది. 10 శాతం చొప్పున పోతే మిగిలేది 35. ఇది చెప్పకుండా ప్లానింగ్ ఏమిటో! ఇక సైకాలజీ. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ ఎక్కువని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే రాశారు. దాన్ని కోర్సు చెప్పే సారు తానే కనిపెట్టినట్టు చెప్పారు. లాభంలో ఉన్నవి గబుక్కున అమ్మేసి, నష్టంలో ఉన్నవాటిని పట్టుకుని వేలాడే అలవాటుకు షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే పరిశోధకులు 1985లో డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు. మా సారు దానికి తన పేరు పెట్టుకోలేదు, అదే పదివేలు.

ఇక మూడోది, మార్కెట్ అనాలిసిస్. అందులో అసలు కథ ఇండికేటర్‌ది, అంటే ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో చార్ట్ మీద బాణాలు వేసి చూపే టూల్‌ది. కోర్సుతో పాటు 'ఉచితం'.

లైవ్ సెషన్. అయిదు నిమిషాల చార్ట్, అంటే ఒక్కో క్యాండిల్ (కడ్డీలాంటి గుర్తు) అయిదు నిమిషాల ధర కదలికను చూపిస్తుంది. నడుస్తున్న క్యాండిల్ కింద పచ్చ బాణం పడింది. "చూశారా, కొనమంటోంది" అన్నారు. చాట్ నిండా దండాల బొమ్మలు. నేనూ కొన్నాను. క్యాండిల్ ఇంకా ముగియలేదు, ధర దిగడం మొదలైంది, చూస్తే బాణం లేదు. తీసేసినట్టు పోయింది. రెండు క్యాండిళ్ల తర్వాత, నా స్టాప్‌లాస్ కూడా కొట్టేశాక, అట్టడుగున అదే బాణం మళ్లీ ప్రత్యక్షం. "సరిగ్గా బాటమ్‌లో పట్టింది చూడండి" అన్నారు సారు, ఏమాత్రం తడబడకుండా!

దీన్ని రీపెయింట్ అంటారు. జిగ్‌జాగ్ లాంటి ఇండికేటర్లు ధర మలుపు ఖాయం కాకముందే గుర్తు పెడతాయి. ధర ఇంకా దిగితే ఆ గుర్తును కూడా కిందికి జరుపుకుంటాయి. అందుకే పాత చార్ట్‌లో కొనే బాణాలన్నీ అడుగునే, అమ్మే బాణాలన్నీ శిఖరం మీదే కనిపిస్తాయి. ఆ పాత చార్ట్‌లు చూపించే '70 శాతం గెలుపు' అని అమ్ముతున్నారు. పోనీ 70 నిజమే అనుకుందాం. గెలిచిన ఏడింటిలో ఒక్కో రూపాయి వచ్చి, ఓడిన మూడింటిలో మూడేసి పోతే వచ్చింది 7, పోయింది 9. సగటు నష్టం ఎంతని అడిగితే "తర్వాతి మాడ్యూల్స్‌లో వస్తుంది" అన్నారు. రాలేదు.

చాట్‌లో మర్యాదగానే అడిగాను: "సార్, ఇందాక బాణం ఇంతకంటే పై ధర దగ్గర పడింది కదా, ఏమైంది?" ఆయన నా పేరు పైకి చదివి, నవ్వి, "ఇదిగో, లూజర్ మైండ్‌సెట్ అంటే ఇదే. నష్టం రాగానే ఇండికేటర్ మీదికి తోసేస్తారు. మీరు సైకాలజీ క్లాసు మళ్లీ వినండి" అన్నారు. అంతమంది ముందు. నేను జవాబు టైప్ చేస్తుండగానే మ్యూట్. ఆ తర్వాత గ్రూప్‌లోంచి తీసేశారు. రికార్డింగ్ పెట్టారు, అందులో మొదటి బాణం ఉన్న ముక్కే లేదు!

అప్పుడు తెలిసొచ్చింది ఆ సైకాలజీ క్లాసు ఎందుకో. ట్రేడ్ గెలిస్తే సిస్టమ్ గొప్పది, ఓడితే మన మనసు బలహీనం. ఇక ఇండికేటర్‌ని ఎవడు వేలెత్తి చూపిస్తాడు? రీఫండ్ అడిగితే సపోర్ట్ వాళ్లు ఏమన్నారో తెలుసా, "డబ్బు పోతుందని భయపడేవాళ్లు ట్రేడర్లు కాలేరు" అని. నిజమే, ఆయనకు భయమెందుకు, నా డబ్బు కూడా ఆయన దగ్గరే ఉందిగా. డబ్బిచ్చి మరీ తిట్లు తినడం ఒక కళ, అది మాత్రం ఈ కోర్సులో నాకు బాగా అబ్బింది.

ఆఁ, చేరాలనే ఉంటే ఒకటి చేయండి. బాణం పడగానే స్క్రీన్‌షాట్ తీసుకుని, క్యాండిల్ ముగిశాక ఒకసారి, ఇంకో నాలుగైదు క్యాండిళ్లు పోయాక ఒకసారి పోల్చి చూడండి. లాభాల స్క్రీన్‌షాట్‌లు కాదు, బ్రోకర్ ఇచ్చే స్టేట్‌మెంట్ అడగండి. రీఫండ్ మాట నోటితో కాదు, రాసిమ్మనండి.

ఆ సెషన్ నా స్క్రీన్ మీద మొత్తం రికార్డయి ఉంది, మొదటి బాణంతో సహా. అదే బ్యాచ్‌లో డబ్బు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, పంపిస్తాను.