బోరింగు కొట్టినట్టు కొట్టాలి: లీవర్ రైఫిల్ వెంట మూడు ప్రయాణాలు

మొదలే అపశకునం. డెన్వర్ శివార్లలో ఒక ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో రెండు లేన్లు ఆన్‌లైన్‌లో బుక్ చేశాను, ఒకటి నాకు, ఒకటి మా బావమరిదికి. కౌంటర్ దగ్గర ఫారం నింపుతుంటే అక్కడి కుర్రాడు వీసా ఏంటని అడిగాడు. నాది గ్రీన్‌కార్డు, వాడిది హెచ్-1బి. "అయితే ఆయన తుపాకీ ముట్టుకోకూడదు" అన్నాడు. నేను కాలుస్తున్నంతసేపూ వాడు అద్దం వెనకాల కూర్చుని ఫోన్ చూసుకున్నాడు. రెండో లేను డబ్బులు వెనక్కి ఇవ్వలేదు. బుకింగ్ పేజీలో ఈ సంగతి ఒక్క ముక్క రాసి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది?

రూల్ మాత్రం నిజమే. హెచ్-1బి, ఎఫ్-1, బి-2 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని అరగంట పట్టుకున్నా ఆ లెక్కలోకే వస్తుంది. కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో మనవాళ్ళకు అందేది, ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. కొలరాడోలో 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసైతేనే అది ఇస్తారు. మావాడు ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగి, కోర్సు చేసి, చిన్న జంతువుల వేట లైసెన్సు తెచ్చుకున్నాడు. శనివారం గుడ్డు కూడా ముట్టని మనిషి, పర్సులో కుందేళ్ళ వేటకు పర్మిషన్ పెట్టుకు తిరుగుతున్నాడు. మీరు కూడా టికెట్లూ హోటళ్ళూ చూసుకునే ముందు వీసా సంగతి తేల్చుకోండి.

ఇంతకీ లీవర్ రైఫిలే ఎందుకంటే, నాకు ఆ మర చూస్తే ముచ్చట. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప కడియాన్ని, అంటే లీవర్ని, కిందికి తోస్తే ఖాళీ తూటా బయటికి ఎగురుతుంది, తూటాను పేల్చే సుత్తి, అంటే హ్యామర్, వెనక్కి వంగుతుంది. పైకి లాగితే కొత్త తూటా గదిలోకి వెళ్ళి కూర్చుంటుంది. బ్యాటరీ లేదు, గ్యాస్ లేదు, అంతా చేతి పనే. ఫోన్లో మా అమ్మకు చెబితే "లివరా? డాక్టరుకు చూపించావా?" అంది.

కోడీ, వయోమింగ్

జూన్‌లో వెళ్ళాం. డెన్వర్ నుంచి దాదాపు 500 మైళ్ళు, ఎనిమిది గంటల డ్రైవ్. విండ్ రివర్ లోయలోంచి వెళ్ళే గంటే ఆ దారికి ప్రాణం, మిగతాదంతా గడ్డీ గాలీ. యెల్లోస్టోన్ తూర్పు గేటు ఇక్కణ్ణించి 52 మైళ్ళే కాబట్టి వేసవిలో గది అద్దెలు మండిపోతాయి. మేం దిగిన మోటెల్ పేరు చెప్పను గానీ, ఏసీ కింద బకెట్ పెట్టుకుని పడుకోవాల్సి వచ్చింది. అడిగితే "నిన్నటివాళ్ళు ఏమీ అనలేదే" అన్నారు. ఊరి నడిబొడ్డున, వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలతో పేరుపడ్డ బఫెలో బిల్ 1902లో కట్టించి కూతురి పేరు పెట్టిన ఇర్మా హోటల్ ఉంది. గది దొరకలేదు, భోంచేసి వచ్చాం.

వెళ్ళింది మాత్రం బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ద వెస్ట్ కోసం. ఒకే కప్పు కింద ఐదు మ్యూజియాలు, టికెట్ వరసగా రెండు రోజులు చెల్లుతుంది. ఆ రెండు రోజులూ కావాలి కూడా. కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియాన్ని 2019లో కొత్తగా తీర్చి తెరిచారు. లీవర్ రైఫిల్ కొనాలనుకునేవాడు దుకాణానికి వెళ్ళే ముందు ఇక్కడ ఒక పూట నిలబడాలంటాను. ఎందుకంటే వరసలో చూస్తే దేని తర్వాత ఏది ఎందుకు వచ్చిందో కళ్ళకు కడుతుంది. 1860 నాటి హెన్రీ రైఫిల్‌లో, బ్యారెల్ కింద ఉండే తూటాల గొట్టాన్ని ముందువైపు నుంచి నింపాలి. 1866 వించెస్టర్‌కు పక్కన చిన్న తలుపు పెట్టారు, అక్కణ్ణించి బొటనవేలితో తోస్తే చాలు. ఆ తర్వాత 1873. ఆ తర్వాత జాన్ బ్రౌనింగ్ గీసిన 1886, 1892, 1894 మోడళ్ళు. ఈ చివరిదానికే 1895లో .30-30 అనే సైజు తూటా వచ్చింది. వించెస్టర్ యజమాని ఆలివర్ వించెస్టర్ మొదట చొక్కాల వ్యాపారి అని చదివి మావాడు "అందుకే కుట్టు బాగుంది బావా" అన్నాడు.

నన్ను బాగా పట్టేసిన కథ ఇంకోటి ఉంది. 2014 నవంబర్లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కులో, ఒక జూనిపర్ చెట్టుకు ఆనించి వదిలేసిన 1873 రైఫిల్ దొరికింది. కట్టె ఎండకు బూడిదరంగు తిరిగి, భుజానికి ఆనించే భాగం మట్టిలో కూరుకుపోయి ఉంది. దాన్ని బాగుచేసి నిలపడానికి ఈ మ్యూజియానికే పంపారు. కంపెనీ పాత రిజిస్టర్లు ఇక్కడే ఉన్నాయి కాబట్టి, నంబరు పట్టి వెతికితే 1882లో గోదాము నుంచి బయటికెళ్ళిందని తేలింది. ఎవరు కొన్నారో, ఎందుకు చెట్టుకు ఆనించి వెళ్ళిపోయారో ఆ రిజిస్టర్లో లేదు. మీ దగ్గర పాత వించెస్టరో, మార్లిన్ అనే ఇంకో కంపెనీదో ఉంటే నంబరు ఇచ్చి ఇలాంటి వివరాలు డబ్బు కట్టి రాయించుకోవచ్చు. సిబ్బంది ఓపిక గురించి చెప్పాలి. "టెలిస్కోపు ఎందుకు పెట్టరు?" అన్న మావాడి ప్రశ్నకు ఒక పెద్దావిడ పావుగంట జవాబిచ్చింది. పాత వించెస్టర్ 94 ఖాళీ తూటాలను నెత్తిమీదికి విసురుతుంది, అక్కడ గాజు గొట్టం అడ్డం పెడితే ఎలా? మార్లిన్ పక్కకు విసురుతుంది, అందుకని దానికి సులువు. దుకాణంలో ఎవరూ నాకు ఇంత సూటిగా చెప్పలేదు.

రాత్రి రోడియో కూడా చూశాం. బాగుంది, దుమ్ము ఎక్కువ.

రటోన్, న్యూ మెక్సికో

కోడీ నుంచి వచ్చాక నేను .22 అనే చిన్న తూటాలు కాల్చే హెన్రీ లీవర్ రైఫిల్ కొన్నాను. కొలరాడోలో దుకాణంవాళ్ళు బ్యాక్‌గ్రౌండ్ చెక్ మొదలుపెట్టాక కనీసం మూడు రోజులు ఆగాలి, ఆగాను. సెప్టెంబర్లో దాన్నీ, ఆఫీసులో ఒక పెద్దాయన దగ్గర అరువు తెచ్చిన మార్లిన్ 336నీ తీసుకుని దక్షిణానికి బయల్దేరాం. ఖాళీ చేసిన రైఫిళ్ళు తాళం వేసిన పెట్టెల్లో డిక్కీలో, తూటాలు వేరే పెట్టెలో. ఐ-25 మీద దాదాపు 220 మైళ్ళు, చివర్లో 7,834 అడుగుల రటోన్ కనుమ.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక మోటెల్. డబ్బు కట్టాక, సామాను దింపుతుంటే వచ్చి గదుల్లోకి తుపాకులు తేకూడదన్నారు. వాళ్ళ ఇల్లు, వాళ్ళ ఇష్టం, కాకపోతే ఆ మాట ముందు చెప్పాలి. వాదించి వాదించి సగం డబ్బు వెనక్కి తెచ్చుకున్నాం. ఆ రోజు నుంచి బుక్ చేసే ముందే ఫోన్ చేసి అడుగుతున్నాను.

మర్నాడు వెళ్ళిన ఎన్ఆర్ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) వాళ్ళ షూటింగ్ కేంద్రం, విటింగ్టన్ సెంటర్‌లో ఈ తలనొప్పి లేదు, ఉండటానికి కేబిన్లు లోపలే ఉన్నాయి. 33,000 ఎకరాల చోటు. 1973లో మొదలైంది. లోపలే పాత బొగ్గు గనుల ఊరి మొండిగోడలు, శాంటా ఫే అనే పాతకాలపు వర్తకుల బండ్ల దారి ఆనవాళ్ళు ఉన్నాయి. కేబిన్ సాదాసీదాగా ఉంది, నిశ్శబ్దం మాత్రం లోటు లేదు. పొద్దున్నే కిటికీ ముందు జింకలు మేస్తున్నాయి. ఒక సంగతి, వంట సామాను పట్టుకెళ్ళండి. పప్పు మర్చిపోయి పది మైళ్ళు వెనక్కి వెళ్ళాం.

రేంజ్‌లో మొదటి గంట నా పరువు పోయింది. ఐదు కాల్చేలోపు రెండుసార్లు మర ఇరుక్కుంది. కొత్త రైఫిల్, పాడవుతుందేమోనని లీవర్ని మెల్లగా, మర్యాదగా ఆడిస్తున్నాను. పక్క బెంచీ ముసలాయన కాసేపు చూసి, "అడగకుండా చెబుతున్నా, ఏమనుకోకు. నువ్వు దాన్ని బతిమాలుతున్నావు. కింద తగిలేదాకా తొయ్, పైన తగిలేదాకా లాగు. సగంలో మనసు మార్చుకుంటే అదీ మార్చుకుంటుంది" అన్నాడు. మావాడికి వెంటనే వెలిగింది. "బావా, బోరింగు! సగం సగం కొడితే నీళ్ళు రావు" అన్నాడు. అంతే. పొద్దున్నే బిందె పట్టుకుని వీధి చివర బోరింగు కొట్టిన చేతికి ఆ తర్వాత ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. సాయంత్రం దాకా ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు.

ఆయన ఇంకో రెండు నేర్పాడు. మొదటిది, కాల్చకుండా హ్యామర్ దింపడం. తుపాకీ మొన గురివైపే ఉంచి, బొటనవేలితో హ్యామర్ని గట్టిగా పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా కిందికి వదలాలి. చెమట చేత్తో అది జారిందంటే తూటా పేలుతుంది. ఖాళీ రైఫిల్‌తో వందసార్లు చేశాకే తూటాతో చెయ్యమన్నాడు. రెండోది, ఖాళీ అయిందనుకున్నాక కూడా నమ్మకపోవడం. తూటాల గొట్టంలో ఒకటి దాక్కుని ఉండొచ్చు. లీవర్ ఇంకో మూడుసార్లు ఆడించి, కంటితో చూసి, వేలు పెట్టి తడిమి చూడాలి.

మావాడు చేతిలో .30-30 తూటాలు తిప్పి చూస్తూ వీటి ముక్కులెందుకు చప్పిడిగా ఉన్నాయని అడిగాడు. తూటాల గొట్టంలో అవి ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి, ఒకదాని ముక్కు ముందున్నదాని అడుగున ఉండే ప్రైమర్‌కు, అంటే దెబ్బ తగిలితే మందు అంటించే చిన్న బిళ్ళకు, ఆనుకుంటుంది. ముక్కు సూదిగా ఉంటే తుపాకీ అదిరినప్పుడు ప్రైమర్ని పొడిచి గొట్టంలోనే పేలొచ్చు. అందుకే చప్పిడి ముక్కువి, లేదా దీనికోసమే మెత్తటి ప్లాస్టిక్ మొనతో చేసినవి వాడాలి. పెట్టె మీద ఏ కొలత ఉందో, రైఫిల్ మీద ఏ కొలత చెక్కి ఉందో రెండూ చదివాకే లోపల వేయండి.

ఆ మార్లిన్‌తో పన్నెండు కాల్చేసరికి నా భుజం వంకాయ రంగుకు తిరిగింది. .30-30తో నేర్చుకుందామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. నొప్పికి భయపడి కళ్ళు మూసుకునే అలవాటు ఒకసారి పట్టిందంటే వదలడం కష్టం. పైగా ఒక్కో తూటా డాలరు దాటుతుంది, .22 అయితే పది సెంట్ల చుట్టుపక్కల. రెండిటికీ మధ్యలో కావాలంటే .357 రైఫిల్ చూడండి. అందులో మెత్తటి .38 స్పెషల్ తూటాలు కూడా కాల్చొచ్చు. నా తర్వాతి రైఫిల్ అదే.

పక్క రేంజ్‌లో జంతువుల ఆకారంలో ఇనుప బొమ్మలు నిలబెట్టి ఉన్నాయి. లీవర్ రైఫిళ్ళ సిలౌట్ పోటీలో కోడి 50 మీటర్లలో, పంది 100లో, టర్కీ 150లో, పొట్టేలు 200లో ఉంటాయి. నిలబడే కాల్చాలి. మేం .22తో దగ్గర్లోని ఇనుప రేకులే కొట్టుకున్నాం. పదిసార్లు కొడితే నాలుగు తగిలాయి. తగిలాక క్షణం ఆగి వచ్చే ఆ 'టంగ్' చప్పుడు కోసం మళ్ళీ 220 మైళ్ళు డ్రైవ్ చేస్తాను. 1,123 గజాల దూరంలో తెల్లటి ఇనుప దున్న ఒకటుంది, దాన్ని కళ్ళతో చూసి దణ్ణం పెట్టి వచ్చాం. మధ్యాహ్నం గాలి లేస్తుంది, పనంతా పొద్దున్నే పెట్టుకోండి. భోజనం ముందు చన్నీళ్ళతో, సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సీసం పొడి అంటుతుంది.

ఫీనిక్స్, అరిజోనా

ఫిబ్రవరి చివర విమానంలో వెళ్ళాం, ఉత్త చేతులతో. ఊరికి ఉత్తరంగా బెన్ ఏవరీ అనే 1,650 ఎకరాల రేంజ్ ఉంది, నడిపేది రాష్ట్ర వన్యప్రాణి శాఖ. సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ వాళ్ళ వింటర్ రేంజ్ పోటీలు అక్కడే జరుగుతాయి. 1987లో పుట్టిన ఈ సంఘంలో ప్రతివాళ్ళకూ ఒక మారుపేరు, పంతొమ్మిదో శతాబ్దపు వేషం తప్పనిసరి. రెండు రివాల్వర్లు, ఒక లీవర్ రైఫిల్, ఒక షాట్‌గన్‌తో గడియారం పెట్టి కాలుస్తారు.

చూడ్డానికి వెళ్ళినవాళ్ళం, నేర్చుకుని వచ్చాం. డెబ్బై దాటిన ఒక బామ్మగారు పొడుగు గౌను, పూల టోపీతో వచ్చి రైఫిల్ తీసుకున్నారు. పది తూటాలకు పట్టుమని ఐదు సెకన్లు పట్టలేదు. రైఫిల్ భుజం దిగనే లేదు, మోచెయ్యి కూడా పెద్దగా కదల్లేదు, మణికట్టు ఒక్కటే. కాల్చడం అయిపోగానే తుపాకీ మొన పైకి పట్టుకుని ఖాళీ చేసే బల్ల దగ్గరికి వెళ్ళి, అక్కడున్నాయన చూసి సరే అనేదాకా కదల్లేదు. ఆ వేగం కంటే ఈ ఓపిక మావాణ్ణి ఎక్కువ ఆకట్టుకుంది.

సేవల మాటకొస్తే, చూసేవాళ్ళు కూడా కళ్ళద్దాలు, చెవి మూతలు పట్టుకెళ్ళండి. టోపీ, నీళ్ళు సరేసరి. మేం దిగిన హోటల్ ఖరీదుకు తగ్గట్టే ఉంది, కాకపోతే కారు లేకుండా అక్కడ అడుగు వేయలేం. అద్దె కారు ఖర్చు గది ఖర్చును మించింది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు నా వరస ఇది: కోడీ చదువుకోవడానికి, రటోన్ చేత్తో పట్టుకోవడానికి, ఫీనిక్స్ ఆ రెండూ అయ్యాక. డబ్బు ఒకదానికే ఉంటే రటోన్.

ఏప్రిల్లో మళ్ళీ అక్కడే కేబిన్ తీసుకున్నాను. మావాడి వేట లైసెన్సు మార్చి 31తో తీరిపోతుంది. కొత్తది కొని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేదాకా కేబిన్‌కు అడ్వాన్సు కట్టనని చెప్పాను. నిన్న రాత్రే పెట్టాడు, కింద ఒక కుందేలు బొమ్మతో.