ముక్కు బాగా కుట్టారు, గోడమీది రాతే తప్పు

పర్లాకిమిడి బజారులో ఈ మధ్య తెరిచిన పచ్చబొట్ల దుకాణంలో మా మేనకోడలికి ముక్కు కుట్టించాము. సూది పొట్లాన్ని మా కళ్ల ముందే చింపారు, గ్లవుజులు మార్చుకున్నారు, పుండు ఆరేవరకు ఉప్పునీటితో ఎలా తుడవాలో ఓపికగా చెప్పారు. మూడు వారాలైనా వాపు గాని చీము గాని రాలేదు. కంసాలి తీసుకునేదానికన్నా ధర ఎక్కువే అయినా, ఆ శుభ్రతకు ఇవ్వవచ్చు.

నా అభ్యంతరమల్లా గోడమీది ఫ్లెక్సీ గురించే. ఇథియోపియా నైరుతి మూలన ఓమో నది లోయలో పశువులు మేపుకుంటూ, జొన్న పండించుకుంటూ బతికే ముర్సీ జాతి స్త్రీ ఒకామె, కింది పెదవిలో మట్టి పళ్లెంతో, అందులో నిలబడి ఉంది. బానిసల వ్యాపారులు ఎత్తుకుపోకుండా ఆడవాళ్లు ముఖాలు పాడుచేసుకున్నారనీ, పళ్లెం పెద్దదైనకొద్దీ ఓలిగా వచ్చే పశువులు పెరుగుతాయనీ కింద రాశారు. ఈ రెండూ పర్యాటకుల నోట నానిన మాటలే తప్ప, ఆ జనం మధ్య దశాబ్దాలపాటు పరిశోధించిన మానవశాస్త్రవేత్త డేవిడ్ టర్టన్ వీటిని అంగీకరించలేదు.

అక్కడ పిల్లకు 15, 16 ఏళ్లు వచ్చాక తల్లి గాని మరొక స్త్రీ గాని కింది పెదవిని కోసి చెక్క బిరడా పెడుతుంది. పుండు మానాక అంతకంతకూ పెద్ద బిరడాలు మారుస్తారు. ఎంతవరకు సాగదీయాలో నిర్ణయించుకునేది ఆ పిల్లే. కొందరి పళ్లెం 12 సెంటీమీటర్లు దాటుతుంది. అది ఈడు వచ్చిన ఆడదాని హుందాతనానికి గుర్తు కాబట్టే మగవారికి భోజనం వడ్డించేటప్పుడు, ఆవులను పితికేటప్పుడు, వేడుకలలో పెట్టుకుంటారు, భర్త పోతే తీసేస్తారు. నాకు మన మట్టెలు గుర్తొచ్చాయి.

గుమ్మ, సెరంగో కొండల నుంచి సంతకు దిగే సవర ముసలమ్మల చెవి తమ్మెలలో చెక్క బిళ్లలు మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. ఆ దుకాణంలో కుర్రవాళ్లకు అలాంటివే నల్లటి ప్లాస్టిక్ బిళ్లలు అమ్ముతున్నారు గాని, వాటికి మాత్రం గోడమీద ఏ కథా రాయలేదు.

యజమానిని అడిగితే, "అది ఫ్లెక్సీవాళ్లు పెట్టిన రాతేనండి మాస్టారూ" అన్నాడు. పనికి ఐదుకు నాలుగు ఇస్తున్నాను. ఆ ఫ్లెక్సీ దించిన రోజున మిగిలినది కలుపుతాను.