పారాబోలిక్ కమాన్లు: ఖాళీ బండికి సుఖమే, బ్రేకుల సంగతి చూసుకోండి

దేవరకొండ, పీఏపల్లి తోటల నుంచి బాటసింగారం మార్కెట్‌కి బత్తాయి తోలే పికప్ నాది. లోడుంటే పాత కమాన్లతోనూ (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగులు) గతుకుల్లో బాగానే ఉండేది. నరకమంతా తిరుగు ప్రయాణంలోనే. కాలువ కట్టల మీద ఖాళీ బండి ఎగిరెగిరి పడేది, రాత్రికి నడుము పట్టేసేది. అందుకే వెనక పాత కమాన్ కట్టలు తీయించి పారాబోలిక్ కమాన్లు వేయించాను. ఏడాది దాటింది.

ఆ ఒక్క విషయంలో పెట్టిన డబ్బు వసూలైంది. పాత కట్టలో పట్టీలన్నీ ఒకదానికొకటి ఒరుసుకుని చిన్న గతుక్కి కదలనే కదలవు. వీటిలో పట్టీలు తక్కువ. మధ్యలో మందంగా, చివరలకు సన్నంగా ఉంటాయి, నడుమ సందు కూడా ఉంటుంది. ఖాళీగా ఉన్నా వంగుతాయి. పక్క సీట్లో మా బామ్మర్ది ఇప్పుడు హాయిగా నిద్రపోతున్నాడు.

బ్రేకుల గురించి మాత్రం షాపులో ఎవరూ నోరు విప్పలేదు. బిగించిన కొత్తలో నిండు లోడుతో పోతుంటే మాల్ అనే ఊరి దగ్గర బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు తొక్కితే ముందు భాగం కూలబడి ముందు టైర్లు జారాయి. వెనక చక్రాలు అసలు పట్టినట్టే లేదు. బర్రె దానంతటది తప్పుకుంది కాబట్టి సరిపోయింది. బిగించినవాళ్లను అడిగితే బ్రేకు లైనర్లు అరిగాయన్నారు. మార్పించినా అదే తీరు.

చివరికి కొండమల్లేపల్లిలో ఒక పెద్దాయన బండి కింద దూరి, వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీది బ్రేకు వాల్వుకి పోయే సన్న కడ్డీ చూపించాడు. లోడుకి బాడీ దిగితే ఆ కడ్డీ కదిలి వెనక బ్రేకులకు ప్రెషర్ ఎక్కువ వదలాలి. కొత్త కమాన్లతో వెనక భాగం లేచింది కదా, నిండు లోడున్నా వాల్వుకి అది ఖాళీ బండే. "బండిని లేపిన్రు గానీ దీన్ని ముట్టలేదు బిడ్డా" అన్నాడు. కడ్డీ సెట్ చేశాక బ్రేకు దారికొచ్చింది. వెనక లేచినందుకు హెడ్‌లైట్ల వెలుగు కూడా మరీ దగ్గర పడుతుండేది, అదీ ఆయనే సరిచేశాడు.

సుఖం అన్నాను గానీ, అది ఖాళీకీ సగం లోడుకీ. నిండు లోడుతో మలుపుల్లో బాడీ పాతదానికంటే ఎక్కువ ఊగుతుంది. పట్టీల ఒరిపిడి తగ్గింది కాబట్టి ఆ ఊపు ఆపాల్సింది షాక్ అబ్జార్బర్లే. నా పాతవి ఆపలేకపోయాయి, అదో అదనపు ఖర్చు. కమాన్లను ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు కూడా కొన్నాళ్లు తిప్పాక మళ్లీ బిగించాలి.

నా తిరుగుడులో సగం ఖాళీయే, అదీ మట్టి దారుల్లో, కాబట్టి నాకు నచ్చాయి. రెండు వైపులా లోడు దొరికేవాళ్లకీ, ఇసుక, కంకర తోలేవాళ్లకీ పాత కమాన్లే నయమేమో. వేయించుకునేవాళ్లు మాత్రం ఆ కడ్డీ సెట్ చేయించాకే డబ్బులివ్వండి.