నల్లుల మీద నేను కొన్నవన్నీ: ఏది పనిచేసింది, ఏది చేయలేదు

మా అమ్మాయి జనవరి చివర్లో హైదరాబాద్ హాస్టల్ ఖాళీ చేసి రాజమండ్రి వచ్చేసింది. పరుపు, రెండు సూట్‌కేసులు, ఒక అట్టపెట్టె నిండా పుస్తకాలు వెంట తెచ్చుకుంది. మూడు వారాలకు దాని చేతి మీద వరసగా ఎర్రటి దద్దుర్లు లేచాయి. దోమలనుకున్నాం. నేను జాకెట్లు కుట్టే మనిషిని, చూపు ముందు కుట్ల మీదకే పోతుంది. పరుపు అంచున పైపింగ్ వెంబడి నల్లటి చుక్కలు కనిపించాయి. కత్తెర మొనతో కుట్టు విప్పితే లోపల బొంబాయి రవ్వ పలుకంత తెల్లటి గుడ్లు, కందిపప్పు బద్దంత నల్లులు రెండు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. అప్పటికి ఇంట్లో కస్టమర్ల పట్టు జాకెట్ ముక్కలు పధ్నాలుగు ఉన్నాయి. ఒక్క నల్లి వాటితో పాటు ఇంకొకరి ఇంటికి పోతే నా ముఖం ఎలా చూపించను?

తర్వాత మూడు నెలల్లో సుమారు తొమ్మిది వేలు ఖర్చయింది. అందులో రెండు వేల పైచిలుకు వృథా. ఆ డబ్బు మీకు మిగలాలనే ఇది రాస్తున్నాను.

మొదట అందరిలాగే స్ప్రే కొన్నాను, రెండు డబ్బాలు, 520 రూపాయలు. వెనక సైపర్‌మెత్రిన్ అని ఉంది. నేరుగా మీద పడిన నల్లి చచ్చింది. కానీ మందు ఆరిన చెక్క మీద మర్నాడు ఇంకో నల్లి హాయిగా నడుస్తూ కనిపించింది. పైరెత్రాయిడ్ రకం మందులకు నల్లులు చాలాచోట్ల తట్టుకునే శక్తి తెచ్చుకున్నాయని తర్వాత తెలిసింది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ రెండూ ఆ కోవలోవే. గుడ్ల మీద కూడా వీటి ప్రభావం అంతంతమాత్రమే. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. ఆ వాసనకు చెదిరి నల్లులు హాల్లో దివాన్‌లోకి వచ్చాయి. ఒక గది సమస్య రెండు గదులదైంది. అందుకే పరుపంతా స్ప్రేతో తడిపేసే పని దయచేసి చేయకండి. ఏ డబ్బా కొన్నా దాని మీద వజ్రం ఆకారంలో ఉండే రంగు గుర్తు చూడండి. ఎరుపు అన్నిటికంటే విషం, ఆ తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

కలరా ఉండలు, కర్పూరం, వేపాకు కూడా పెట్టి చూశాను. వాసన తప్ప ఏమీ లేదు.

మా అత్తగారు వెనకటి రోజుల్లో నులకమంచాన్ని వాకిట్లో పడేసి సలసల కాగే నీళ్లు పోసేవారు. ఆవిడ చేసిందే సరైన వైద్యం. వేడి 50 డిగ్రీలు దాటి కాసేపు నిలిస్తే నల్లీ చస్తుంది, గుడ్డూ చస్తుంది. వేడిని తట్టుకునే శక్తి దానికి రాదు. 2,800 పెట్టి చేతిలో పట్టుకునే స్టీమర్ కొన్నాను. నేను కొన్న అన్నిటిలో దీనికే మొదటి మార్కు. అయితే వాడే పద్ధతి ఉంది. సన్న గొట్టంతో ఆవిరి కొడితే నల్లులు ఎగిరి అవతల పడతాయి. గొట్టం మూతికి పాత నూలుగుడ్డ చుట్టి, కుట్టు వెంబడి మూర పొడవుకు అర నిమిషం చొప్పున నెమ్మదిగా జరపాలి. ప్లగ్గుల దగ్గర వద్దు. పరుపు ఒక రోజంతా ఆరాలి, లేకపోతే బూజు పడుతుంది. ఎండలో వేస్తే చాలదా అని మా వదిన అడిగింది. పైభాగం కాలుతుంది గానీ దళసరి పరుపు లోపలికి ఆ వేడి దిగదు. నల్లులు కింది వైపుకు చేరుకుంటాయి.

దుప్పట్లు, దిండు గలీబులు వాషింగ్ మెషీన్లో 60 డిగ్రీల మీద ఉతికాను. పట్టుకు ఆ వేడి పనికిరాదు. కస్టమర్ల ముక్కలను జిప్ కవర్లలో గాలి పోకుండా కట్టి, మైనస్ 18 ఉండే ఫ్రీజర్లో నాలుగు రోజులు పెట్టాను. ఒక్క జరీ కూడా నల్లబడలేదు.

పరుపుకు జిప్ కవరు 1,300. కొనేటప్పుడు గుడ్డ కాదు, జిప్ చివర చూడండి. నేను మొదట తెప్పించినదానికి జిప్ ఆగేచోట పెన్సిల్ మొన దూరేంత సందు ఉంది. అది చాలు వాటికి. అక్కడ నేనే గుడ్డ మడత వేసి కుట్టాను. తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి కవరు ఏడాది పాటు విప్పకూడదు.

డయాటమేషియస్ ఎర్త్ అనే తెల్ల పొడి అరకిలో 400. ఇది నల్లి ఒంటి మీది మైనపు పొరను పాడుచేసి ఎండిపోయేలా చేస్తుంది. పని చేస్తుంది, కానీ పది రోజులు ఓపిక పట్టాలి. మంచం సందుల్లో కనీకనిపించనంత పలచగా వేయాలి. కుప్పగా పోస్తే చుట్టూ తిరిగి పోతాయి. ఫ్యాన్ ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని వేయండి. పాకే పిల్లలున్న ఇంట్లో మాత్రం నేను చెప్పను.

పెస్ట్ కంట్రోల్ ఇద్దరిని పిలిచాను. మొదటి కుర్రాడు ఇరవై నిమిషాల్లో నేల, గోడలు తడిపి 1,500 తీసుకుని వెళ్లాడు. మంచం కదపలేదు. రెండో ఆయన రావడంతోనే స్క్రూడ్రైవర్ తీశాడు. స్టోరేజ్ మంచం తలవైపు చెక్క ఊడదీస్తే దాని వెనక ఉంది అసలు గుంపు. మందు పేరు, లైసెన్స్ నంబరు బిల్లు మీద రాసిచ్చాడు. వారం పది రోజుల్లో గుడ్లు పగిలి పిల్లలు వస్తాయి కాబట్టి పధ్నాలుగో రోజు మళ్లీ వస్తానని ముందే చెప్పాడు, వచ్చాడు. రెండు సార్లకు కలిపి 2,400. రెండోసారి రాని వాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఒక మాట కోపంగానే చెబుతున్నాను. ధాన్యం గోదాముల్లో వాడే మాత్రలు గదిలో పెట్టి తలుపులేస్తే చాలని ఒకరు నాకు సలహా ఇచ్చారు. అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగలగానే ఫాస్ఫీన్ విషవాయువు వస్తుంది. ఇలా వాడి మనుషులు చచ్చిపోయారు, పక్క వాటాల్లో నిద్రపోతున్న పసిపిల్లలతో సహా. ఎవరు ఉచితంగా ఇచ్చినా గుమ్మం దాటనివ్వకండి.

ఇప్పుడు మంచం నాలుగు కాళ్ల కింద నున్నటి ప్లాస్టిక్ గిన్నెలు పెట్టి, మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపాను. రోజూ పొద్దున్నే టార్చితో చూస్తాను. ఏప్రిల్ 19న ఒకటి పడింది. ఆ తర్వాత ఏమీ పడలేదు. జూలైలో మళ్లీ పట్టు జాకెట్లు ఒప్పుకున్నాను.