రేడియాన్ 7750: పదమూడేళ్ల తర్వాత మళ్లీ వెలిగిన వీజీఏ

ఏఎండీ కంపెనీ చేసిన ఈ గ్రాఫిక్స్ కార్డు స్పీడెంత, ఏ ఆట ఎన్ని ఫ్రేములు అనేది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. 2013లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నాను. ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి విడిగా వైరు అడగని కార్డు కావాలంటే ఇది చేతిలో పెట్టారు. ఇంట్లో కూర్చుని శుభలేఖలు, ఫ్లెక్సీలు డిజైన్ చేసుకునేవాడికి అదే ఎక్కువ. ఆ రోజు దీనికి తగిలించిన వీజీఏ మానిటర్ (పాత అనలాగ్ కేబుల్‌తో నడిచేది) ఇంకా బతికే ఉంది. ఈ సమీక్ష నిజానికి ఆ మానిటర్ కోసమే.

లినక్సులో ఈ తరం కార్డులది ఇన్నాళ్లూ రెండు పడవల ప్రయాణం. మామూలుగా వచ్చేది పాత రేడియాన్ డ్రైవర్. దాంతో అన్నీ నడుస్తాయి, వల్కన్ (ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే కొత్త పద్ధతి) తప్ప. వల్కన్ కావాలంటే ఏఎండీజీపీయూ అనే కొత్త డ్రైవర్‌కి మనమే మారాల్సి వచ్చేది. అదేమో మన కార్డులకి 2016 నుంచీ ప్రయోగ దశలోనే ఉండిపోయింది. 2021 జూన్‌లో విండోస్ వైపు కూడా వీటికి మామూలు డ్రైవర్ అప్‌డేట్లు ఆగాయి. సరిగ్గా అప్పుడే మావాడికి స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోని ఆటల మీద మనసు పుట్టింది. విండోస్ ఆటల్ని లినక్సులో నడిపే ప్రోటాన్‌లో అవి సరిగా ఆడాలంటే వల్కన్ ఉండాలి. కంప్యూటర్ ఆన్ అవగానే లినక్సుని లేపే గ్రబ్‌లో రెండు ముక్కలు రాసి కొత్త డ్రైవర్‌కి మారాను. పనిచేసింది. అక్కడితో ఊరుకోవచ్చుగా! డిస్‌ప్లే కోడ్ కూడా కొత్తదైతే ఇంకా బాగుంటుందని ఎక్కడో చదివి, ‘డీసీ=1’ కూడా చేర్చి రీస్టార్ట్ కొట్టాను.

మానిటర్ నల్లబడిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, కీబోర్డు లైటు వెలుగుతోంది, బొమ్మ మాత్రం లేదు. మర్నాడు పొద్దున్నే ఒక శుభలేఖ ప్రెస్సుకి వెళ్లాలి. కేబుల్ మార్చాను. కార్డు బయటికి తీసి, మావాడి పెన్సిల్ రబ్బరుతో కాంటాక్టులు రుద్ది మళ్లీ పెట్టాను. ర్యామ్ కూడా రుద్దాను, అది ఏ పాపం ఎరుగదు పాపం. చివరికి సీపీయూని ఎత్తుకుని హాల్లోకి నడిచాను. అత్తయ్య సీరియల్ మంచి పట్టులో ఉంది. “పది నిమిషాలు అత్తయ్యా” అని టీవీకి హెచ్‌డీఎంఐ గుచ్చితే, లాగిన్ స్క్రీన్ టీవీ నిండా దర్జాగా కూర్చుంది. కార్డు నిక్షేపంలా ఉంది. కొత్త డిస్‌ప్లే కోడ్‌కి అప్పటికి వీజీఏకి కావలసిన అనలాగ్ సిగ్నల్ పంపడమే రాదట! ఆ లైను తీసేసి సీపీయూ వెనక్కి మోసేసరికి సీరియల్ అయిపోయింది.

ఈ మధ్య నేను వాడే ఆర్చ్ లినక్సులో 6.19 కెర్నెల్ (లినక్సు గుండెకాయ) వచ్చింది. ఈ తరం కార్డులకి ఏఎండీజీపీయూనే డిఫాల్ట్ చేశారని విని, గ్రబ్‌లో నేను రాసినవన్నీ చెరిపేశాను. హెచ్‌డీఎంఐ కేబుల్ పక్కన పెట్టుకునే రీస్టార్ట్ చేశాను. వీజీఏ వెలిగింది. వల్కన్ ఉంది. నాలుగైదేళ్లుగా మోస్తున్న పేచీ తీరిపోయింది.

ఆ కొత్త డిస్‌ప్లే కోడ్‌కి అనలాగ్ నేర్పిపెట్టింది స్టీమ్ నడిపే వాల్వ్ డబ్బుతో పనిచేసే ఒక డెవలపర్. కార్డు చేసిన కంపెనీ కాదు, ఆటలమ్మే కంపెనీ. ఏఎండీ వాళ్లు ఆ ప్యాచ్‌లు చూసి చేర్చుకున్నారు, అదీ చెప్పాలి. వల్కన్ కథ కూడా ఇంతే. ఈ కార్డుల్లో వల్కన్ నడిపే రాడ్‌వీ డ్రైవర్‌ని 2016లో మొదలుపెట్టింది లినక్సు కంపెనీ రెడ్ హ్యాట్‌లో ఉన్న డేవ్ ఎయిర్లీ, ఆయనతో పాటు బాస్ న్యూవెన్‌హాయిజెన్. దానికి ఏసీఓ కంపైలర్ (ఆటల కోడ్‌ని కార్డుకి అర్థమయ్యేలా మార్చేది) 2019లో వాల్వ్ ఖర్చుతో వచ్చింది. ఏఎండీ తన సొంత ఓపెన్ సోర్స్ వల్కన్ డ్రైవర్‌ని 2025లో ఆపేసి, రాడ్‌వీకే తలూపింది.

ఇదివరకు ఇలాంటివి జరిగితే “చూశారా, ఓపెన్ సోర్స్‌లో ఏ వస్తువూ చావదు” అని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు కాస్త తగ్గించి చెబుతున్నాను. నా వీజీఏ ఒక జీతం దారిలో పడింది కాబట్టి బతికింది. శుభలేఖల్లో పేర్లు వరసగా నింపడానికి మన బదులు తానే టైపు చేసే ఎక్స్‌డూటూల్‌తో రాసుకున్న స్క్రిప్టుకి ఆ అదృష్టం లేదు. లినక్సులో విండోల్ని తెర మీద చూపే కొత్త పద్ధతి వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం విండోలో టైపు చేయకూడదు. భద్రత కోసం పెట్టిన నియమం, న్యాయమే, కానీ అక్కడ నా పని ఆగుతుంది. పాత పద్ధతి పేరు ఎక్స్11, దాన్ని నడిపేది ఎక్స్‌ఆర్గ్ సర్వర్. 2025లో రెడ్ హ్యాట్ వాళ్ల లినక్సు ఆర్‌హెచ్‌ఈఎల్ 10 నుంచి ఆ సర్వర్ పోయింది, గ్నోమ్ 49 డెస్క్‌టాప్‌లో ఎక్స్11 సెషన్ డిఫాల్ట్‌గా ఆపేశారు. రెడ్ హ్యాట్‌ని తిట్టేవాళ్లు బోలెడు. ఇన్నేళ్లు ఎక్స్‌ఆర్గ్‌ని మోసినవాళ్లలో వాళ్లే ముందున్నారని కూడా గుర్తుంచుకోవాలి మరి. నేనైతే ప్రస్తుతానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌లో ఎక్స్11 మీదే ఉన్నాను.

కొత్తగా కొనేవాళ్లకి ఈ కార్డు చెప్పను. 1 జీబీ మెమరీని ఏ డ్రైవరూ పెంచలేదు, మావాడు కూడా ఇప్పుడు ఫోన్‌లోనే ఆడుతున్నాడు. కానీ ఇప్పటికే ఇంట్లో పడి ఉంటే, నాలాంటి పని అయితే, పారేయకండి. నాది ఒకే కార్డు, ఒకే మానిటర్ అనుభవం. మీ కార్డు మోడల్ వేరైతే ఇంకోలా ఉండొచ్చు. అప్‌డేట్ చేసే రోజు మాత్రం సీరియల్ టైము కాకుండా చూసుకోండి.