సల్ఫైట్ కలపని తీరప్రాంత ఎర్ర వైన్: మిరియాల ఘాటు, ఒక చేదు అనుభవం

సిరా ద్రాక్ష ఎక్కువగా, పినో న్వార్ కొద్దిగా కలిపి చేసిన ఈ ఎర్ర వైన్‌ను కేవలం దాని మిరియాల వాసన కోసమే నేను మళ్ళీ మళ్ళీ తెప్పించుకుంటున్నాను. గ్లాసులో పోయగానే అప్పుడే దంచిన నల్ల మిరియాల ఘాటు ముక్కుకు తగులుతుంది. పుల్లటి చెర్రీ పండ్ల వాసన, తడిసిన ఆకుల వాసన ఆ తరువాత నెమ్మదిగా బయటపడతాయి. మిరియాలకు ఆ ఘాటునిచ్చే రోటండోన్ అనే పదార్థమే సిరా ద్రాక్ష తొక్కలోనూ ఉంటుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రకటించారు. లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములు ఉన్నా మనిషి ముక్కు దానిని పసిగట్టగలదు. ఎండ మండే తోటల్లో ఇది అంతగా నిలవదు. పొద్దుటి పొగమంచు, మధ్యాహ్నపు సముద్రపు గాలి మధ్య పండు నిదానంగా పక్వానికి వచ్చే చోట నిండుగా ఉంటుంది. ఈ వైన్‌లో వగరు మెత్తగా ఉంటుంది, పులుపు మాత్రం నోరూరించేంత చురుకైనది. కాస్త చల్లగా, 14 డిగ్రీల దగ్గర తాగితే ఆ రెండూ చక్కగా కుదురుతాయి.

ద్రాక్ష తొక్కమీద సహజంగా ఉండే ఈస్ట్‌తోనే దీనిని పులియబెట్టారు. వడపోయలేదు కనుక సీసా అడుగున మడ్డి ఉంటుంది. ఫ్రాన్స్‌లో 2020లో వచ్చిన సహజ వైన్ గుర్తు సైతం, వైన్ చెడిపోకుండా కాపాడే సల్ఫైట్‌ను లీటరుకు 30 మిల్లీగ్రాముల లోపు అనుమతిస్తుంది; ఈ తయారీదారులు అదీ వాడలేదు. వైన్‌లోని జీవం ఈ నిర్ణయం వల్లనే వచ్చిందని నా గట్టి నమ్మకం. నాకు ఎదురైన ఇబ్బందికీ మూలం అక్కడే ఉంది.

ఈ మధ్య తెరిచిన ఒక సీసాలో మొదటి గ్లాసు ఎప్పటిలాగే అద్భుతంగా ఉంది. గంట గడిచాక రెండో గ్లాసు తాగుతుండగా, గుటక వేసిన కొద్ది క్షణాలకు, నాలుక వెనుక భాగాన ఎలుకలు తిరిగిన గోనెసంచి కంపు వంటిదొకటి పైకి వచ్చి ఎంతకీ పోలేదు. గ్లాసును ఎన్నిసార్లు వాసన చూసినా మిరియాలు, చెర్రీలు తప్ప మరేమీ లేవు. చేతి వెనుక ఒక చుక్క వేసి రుద్ది చూస్తే ఆ కంపు స్పష్టంగా తెలిసింది. సల్ఫైట్ లేని వైన్‌లో కొన్ని రకాల బాక్టీరియా, ఈస్ట్ వల్ల పుట్టే ఈ పదార్థాలు వైన్ పులుపులో అణగి ఉండి, లాలాజలం ఆ పులుపును తగ్గించినప్పుడు మాత్రమే విడుదలై గొంతు వెనుక నుంచి ముక్కును చేరతాయి. నాతో కూర్చున్న మిత్రునికి ఏ తేడా తెలియలేదు; తన గ్లాసును ఆయన ఇష్టంగా పూర్తి చేశారు. లాలాజలపు స్వభావం మనిషి మనిషికీ వేరుగా ఉండటం దీనికొక కారణం. ఆరోగ్యానికి హాని లేదన్న మాట నిజమే కాని, తెలిసిన నోటికి ఆ సీసా ఇక పనికిరాదు. అమ్మినవారు గ్లాసు వాసన చూసి, ఏ దోషమూ లేదని చెప్పి సీసాను తిప్పి పంపడం నాకు చాలా బాధ కలిగించింది; నోట పోసుకుంటే తప్ప తెలియని దోషానికి ముక్కుతో తీర్పు చెప్పడం న్యాయం కాదు.

కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే వైన్‌ను వేరే పాత్రలోకి వంపి గాలి తగలనిస్తే చాలావరకు బాగుపడుతుంది. ఈ కంపు మాత్రం గాలి తగిలే కొద్దీ ముదురుతుంది. తెరిచిన మర్నాటికి ఈ వైన్ ఇంకా బాగుంటుందని ఇదివరకు చాలామందికి చెప్పాను. బాగున్న సీసాల విషయంలో అది ఇప్పటికీ నిజమే అయినా, మూత తీసిన సాయంత్రమే పూర్తి చేయడం మేలని ఇప్పుడు చెబుతున్నాను. చల్లని తోటల ద్రాక్షలో పులుపు ఎక్కువ కనుక బాక్టీరియాకు అంత అనువు ఉండదు. ఇన్ని సీసాల్లో చెడ్డది ఒక్కటే తగలడానికి బహుశా అదే కారణం కావచ్చు.

ఒంటరిగా, నిదానంగా తాగే నాబోటివారికి ఒక పూటలో సీసా ముగించడం కుదరదు కాబట్టి, దీనిని మిత్రులు వచ్చే రోజుకే అట్టిపెడుతున్నాను. పైగా ఆ ఆస్ట్రేలియా పరీక్షలో 5 మందిలో ఒకరికి రోటండోన్ వాసన ఎంత మోతాదులో ఇచ్చినా తెలియలేదు. అలాంటి వారికి ఇదొక పుల్లటి ఎర్ర వైన్‌గా మాత్రమే అనిపించవచ్చు. మిరియాల ఘాటు మీ ముక్కుకు అందుతుందో లేదో ఒక సీసాతో చూసుకున్నాకే పెట్టె తెప్పించుకోండి. నేనైతే మరో పెట్టె చెప్పాను.