మూడు లీటర్ల నైట్రోజన్ క్యాన్: గోపాలమిత్రలకు పనికొస్తుందా?

పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రలకు, బండి మీద ఊర్లు తిరగడానికి ఈ ద్రవ నైట్రోజన్ క్యాన్ పనికొస్తుంది. స్ట్రాలు (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్నటి గొట్టాలు) నిల్వ పెట్టుకోవడానికైతే వద్దు. నైట్రోజన్ ఇన్ని రోజులు ఉంటుందని క్యాన్‌తో వచ్చిన కాగితంలో రాసింది మూత తీయకుండా నీడలో ఉంచిన లెక్క. దేవరకొండ దిక్కు మే ఎండల్లో, పదేపదే మూత తీస్తే అన్ని రోజులు రాదు.

లోపల ఎంతుందో కాటా మీదే సరిగ్గా తెలుస్తుంది. లీటరు నైట్రోజన్ సుమారు 800 గ్రాములు. రాత్రీ పొద్దునా తూచి చూడండి. తరుగు ఒక్కసారిగా పెరిగినా, మెడ చుట్టూ బయట మంచు పట్టినా గోడల మధ్య వాక్యూమ్ పోయినట్టే. లోపలి పాత్ర మొత్తం సన్నటి ఫైబర్ మెడకే వేలాడుతుంటుంది, గుంతల రోడ్డు దెబ్బంతా దానికే. కింద స్పాంజి తప్పనిసరి. ఇచ్చిన బెల్టు మాత్రం నాసిరకం.

మూత వదులుగా ఉండడం లోపం కాదు. ద్రవం ఆవిరైతే దాదాపు 700 రెట్లవుతుంది, బిగిస్తే క్యాన్ పేలుతుంది.

ఇంకా చల్లబరిస్తే ఎక్కువ రోజులు రాదా అని అడుగుతుంటారు. రాకెట్లలో అది నిజమే: ఫాల్కన్ 9లో మైనస్ 183 దగ్గర మరిగే ఆక్సిజన్‌ను మైనస్ 207 దాకా దించుతారు. సాంద్రత పెరిగి అదే ట్యాంకులో ఎక్కువ పడుతుంది, వేడి చేరినా మరగడానికి కొంత గడువు దొరుకుతుంది. మన నైట్రోజన్ మైనస్ 196 దగ్గర మరుగుతూనే ఉంటుంది, మైనస్ 210కి గడ్డకడుతుంది. ఆ 14 డిగ్రీల కోసం పెట్టే ఖర్చుకు ఇంకో క్యాన్ వస్తుంది.

కొత్తదాన్ని ఒకేసారి నింపొద్దు. అర లీటరు పోసి, బుసబుస తగ్గాక మిగతాది. మర్నాడు తూచాకే స్ట్రాలు దించండి.